ఆపిల్ గదిలో మామయ్య నిద్ర

క్రాకువ్,
1877 నవంబరు 12

అత్తయ్యా,

నీ రెండు చేతులకూ ముద్దులు. నువ్వు పంపిన తేనె సీసా పగలకుండా చేరింది. పక్కన పెట్టిన సాసేజి మాత్రం నేను అద్దెకున్న ఇంటావిడ యూఫెమియా గారి కంట పడి సగమైంది. ఉపవాసాలు లేని రోజుల్లో ఆవిడకి ఆకలి బాగానే ఉంటుంది.

ఆవిడ సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు. భర్త 1863లో జారు చక్రవర్తి మీద జరిగిన తిరుగుబాటులో పోయాడు. అప్పట్నుంచీ నల్లబట్టలే, మెడ దగ్గర ఇనప శిలువే. వాటితో నాకు పేచీ లేదు. పేచీ మామయ్యతో. ‘దేశానికి స్వేచ్ఛ వచ్చేదాకా మెత్తని పక్క ఎక్కను, బోడి బల్ల మీదే పడుకుంటాను’ అని మామయ్య ఆ రోజుల్లో ‘ప్రతిన’ అనే పద్యం రాశారు కదా. దేశమంతా దాన్ని కంఠతా పట్టి ఊరుకుంది. యూఫెమియా గారు మాత్రం పాటించారు. ఇంట్లో ఉన్న పరుపులన్నీ ఆస్పత్రికి ఇచ్చేసి పద్నాలుగేళ్ళుగా బల్ల మీద పడుకుంటున్నారు. అద్దెకున్నవాళ్ళకీ బల్లలే, పైన ఇంత గడ్డి. నేను ఒనుఫ్రీ జెరెవిచ్ గారి మేనకోడల్నని తెలిశాక ఆ గడ్డి కూడా తీయించేశారు. “నీలాంటిదానికి గడ్డి వేస్తే మీ మామయ్యని అవమానించినట్టు కాదూ?” అన్నారు.

ఇక అసలు విషయం. తిట్టకుండా చదువు.

ఆగస్టులో మీ ఇంటికి వచ్చినప్పుడు ఓ మధ్యాహ్నం ఆపిల్ పండు కోసం ఆ పళ్ళు నిలవచేసే గదిలోకి వెళ్ళాను. అక్కడ మామయ్య ఉన్నారు. బాతు ఈకల పరుపు మీద, ఇంతెత్తు దిండ్ల మధ్య, నోరు తెరుచుకుని. ఒక కాలికి మేజోడు ఉంది, ఇంకో కాలికి లేదు. పొట్ట మీద ఫిలూష్ పిల్లి, మామయ్య ఊపిరి తీసినప్పుడల్లా పైకీ కిందకీ పోతోంది. నేను బుట్ట బోర్లించి కూచుని గీయడం మొదలుపెట్టాను. తరవాత రోజూ వెళ్ళాను.

వెక్కిరింతకి వేయలేదు అత్తయ్యా. అప్పటికి నా నడుము చెక్కలా అయిపోయింది. ఆ తెల్లటి దిండు చూస్తే ఏడుపొచ్చింది. దాని మీద పడుకోలేను కనక దాని బొమ్మ వేశాను. బొమ్మలు నేర్పే మా మాస్టారు దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి చూశారు. “ఇన్నాళ్ళూ నువ్వు నాలాగా బొమ్మలు వేశావు. ఇది నీది. చలికాలం ప్రదర్శనకి పంపు” అన్నారు.

అమ్మ షరతు నీకు తెలుసు. ఈస్టర్‌లోగా నా పేరుతో ఒక్క బొమ్మయినా ప్రదర్శన గోడకి ఎక్కకపోతే నేను జెషూవ్ వెళ్ళిపోయి ఎవరో జమీందారు పిల్లలకి ఫ్రెంచి చెప్పుకుంటూ బతకాలి. ఆడపిల్లల్ని అకాడమీలోకి ఎలాగూ రానివ్వరు. నాకున్నది ఈ ఒక్క దారి.

మామయ్యకి తెలీదు. పంపనా?

నీ సలూస్యా


గ్రాబోవ్కా,
నవంబరు 20

ఓసి దొంగపిల్లా,

నీ ఉత్తరం వంటింట్లో చదివాను. ఎంత నవ్వానంటే అంట్లు తోముతున్న యగ్నా నాకు మూర్ఛ వచ్చిందేమోనని మొహం మీద నీళ్ళు కొట్టింది. ఆ తరవాత భయం పట్టుకుంది. ఇంకోసారి చదివి మళ్ళీ నవ్వాను.

ఆ గది కథ నీకు చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ప్రతిన రాసిన ఏడాది మీ మామయ్య నిజంగానే బల్ల మీద పడుకున్నారు. జనవరి నాటికి నడుం పట్టేసి, బూట్లు తొడుక్కోవాలంటే యగ్నా, నేనూ చెరో కాలూ పట్టుకోవాల్సి వచ్చేది. పడుకోండి అంటే పడుకోరు. మాట మాటే అంటారు. అందుకని ఆ చలిలో పుట్టింటివాళ్ళు నాకిచ్చిన పరుపు తీసుకెళ్ళి ఆపిల్ గదిలో పరిచాను. “ఎందుకే?” అని అడిగారు. “ఆపిల్ పళ్ళకి చలి” అన్నాను. మర్నాడు భోజనం అయ్యాక ఆయన కనిపించలేదు. సాయంత్రం బయటికి వచ్చారు, చెంప మీద దిండు కుట్టు అచ్చు పడి ఉంది. ఇన్నేళ్ళలో ఆ గది గురించి మా ఇద్దరి మధ్యా మాట రాలేదు. రాత్రి మాత్రం బల్లే. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళకి నేను టీ ఇస్తాను.

బొమ్మ పంపు. జెషూవ్ వెళ్ళి నువ్వు ఫ్రెంచి చెబితే ఆ పిల్లలు పాడైపోతారు, నీ ఫ్రెంచి నేను విన్నాను. కానీ మూడు మాటలు వినుకో. ఆయన పేరు ఎక్కడా రాయకు. దిండు మూల మా అమ్మ కుట్టిన అక్షరాలు చెరిపెయ్. మీ ఇంటావిడకి ఈ ఊసే తెలియనివ్వకు. పాపం ఆవిడ.

ఆయన్ని ఎవరైనా పోల్చుకుంటారని నాకు భయం లేదు. అచ్చయిన బొమ్మలన్నిట్లోనూ ఆయన కళ్ళెర్రజేసి ఆకాశంకేసి చూస్తూ ఉంటారు. ఆ ముఖానికీ ఈ ముఖానికీ చుట్టరికమే లేదు.

సెయింట్ మార్టిన్ పండక్కి బాతులు కోశాం. ఊళ్ళో ఆడవాళ్ళు సాయంత్రాలు వచ్చి కూచుని ఈకలు పీకి వేరుచేస్తున్నారు. ఒకళ్ళు తుమ్మితే చాలు, గదంతా మంచు కురిసినట్టే.

నిన్ను గిల్లాలని ఉన్న
దొమిత్సెలా అత్తయ్య


క్రాకువ్,
1878 జనవరి 15

బంగారు అత్తయ్యా,

వేలాడింది! కిటికీ పక్కన, మంచి వెలుగులో. కింద ‘భోజనం తరవాత’ అని ఉంది. ఆ కింద నా పేరు, సలూస్యా కాదు, సలోమెయా అని పూర్తిగా. నేను రోజూ వెళ్ళి దూరంగా నిలబడి జనాన్ని చూస్తున్నాను. గుర్రాల మీద యుద్ధవీరుల బొమ్మల ముందు అందరూ టోపీలు తీస్తారు. నా బొమ్మ ముందుకొచ్చి ఆవులిస్తారు. మాస్టారు అంతకన్నా మెప్పు లేదంటున్నారు.

అయితే ఓ చిక్కొచ్చిపడింది. గ్రాత్సియన్ దులెంబా గారు తెలుసు కదా, విందుపాటల కవి, గుండ్రంగా ఉంటారు. ఆయన మొన్న వచ్చి బొమ్మ ముందు ఆగి, చేతికర్ర నేలకేసి కొట్టి, “ఇది నేనే!” అన్నారు. “నన్ను ఎప్పుడు చూశావమ్మాయీ? క్రినీత్సాలో ఊటనీళ్ళ స్నానాలకి వెళ్ళినప్పుడా? కౌంటు గారింట్లోనా? నేను ఎక్కడైనా పడుకుంటాను, ఎక్కడని గుర్తుపెట్టుకోను! చూడండయ్యా, ఎంత నిశ్చింతగా ఉన్నానో!” కాదని చెప్పాలని నోరు తెరిచాను. కాదంటే మరి ఎవరని అడుగుతారు. మూసుకున్నాను. ఇప్పుడాయన రోజూ స్నేహితుల్ని వెంటబెట్టుకొచ్చి తన నిద్ర చూపిస్తున్నారు. పత్రికవాళ్ళు దాన్ని చెక్క మీద చెక్కి ‘విశ్రాంతిలో కవి దులెంబా’ అని అచ్చు కూడా వేశారు.

యూఫెమియా గారు కూడా వచ్చారు. “దేశం ఇలా ఉంటే కొందరు ఇలా పడుకుంటారు” అని మూతి తిప్పారు. తిప్పి, అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంటికొచ్చాక సూపు వడ్డిస్తూ, “ఆ దిండు అంత మెత్తగా కనపడేట్టు ఎలా వేశావు?” అని అడిగారు. తెలుపులో కొంచెం నీలం, కొంచెం పసుపు కలిపానని చెప్పాను. “అంతేనా” అన్నారు.

నీ సలూస్యా


గ్రాబోవ్కా,
జనవరి 23

సలూస్యా,

నువ్వు కవి అనే జాతిని ఇంకా పూర్తిగా చూడలేదు. చెబుతాను విను.

పత్రిక ఇక్కడికీ వచ్చింది. మీ మామయ్య కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ చూశారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. చూసి, చూసి, తొడ మీద చరుచుకుని పకపకా నవ్వారు. “ఇదే ఇదే! ఆ దులెంబాగాడి బతుకంతా ఈ ఒక్క బొమ్మలో ఉంది! ఆ నోరు చూడు, గుహలా ఎలా తెరిచాడో! మన సలోమెయాకి బుద్ధుంది, కవికీ తిండిపోతుకీ తేడా తెలుసు!”

తన సొంత ముఖాన్ని పోల్చుకోలేదు తల్లీ! ఆలోచిస్తే వింతేం లేదు. నలభయ్యేళ్ళుగా ఆ నిద్ర ముఖాన్ని చూస్తున్నది నేను, ఆయన ఒక్కసారైనా చూశారా?

ఇప్పుడు బల్ల చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ పత్రిక కూడా చూపిస్తున్నారు. “ఇటు ఒక కవి, అటు ఒక కవి” అని ఉపన్యాసం. నిన్న సాయంత్రం ఈకలు పీకే ఆడవాళ్ళ దగ్గరికీ తీసుకొచ్చారు. అందరూ తలలు వంచుకుని ఈకల మీద పడ్డారు. వాళ్ళందరికీ ఆయన మధ్యాహ్నాల సంగతి తెలుసు మరి, ఈ ఊళ్ళో తెలియనిదెవరికి? యగ్నా నవ్వాపుకోలేక నోట్లో గుప్పెడు ఈకలు కుక్కుకుంది. చాలాసేపు దగ్గింది పాపం.

ఇంకో సంగతి నీకు తెలుసో లేదో. మీ మామయ్య కంటే ముందు నన్నడిగింది ఆ దులెంబాయే. మా కిటికీ కింద నిలబడి పాట కూడా పాడాడు. గొంతు బాగుండేది. మా నాన్న కుక్కని వదిలాడు. ఆ రోజు నుంచీ మీ మామయ్య, దులెంబా ఒకరి కవిత్వం మీద ఒకరు దుమ్మెత్తి పోసుకుంటున్నారు.

నువ్వు నిశ్చింతగా ఉండు. బొమ్మకి ఏ ఢోకా లేదు.

నీ అత్తయ్య


గ్రాబోవ్కా,
ఫిబ్రవరి 3

సలూస్యా,

కొంప మునిగింది, నీ పిల్లి వల్ల. దిండు అక్షరాలు చెరిపావు కానీ ఫిలూష్ చెవి మీద ఆ కోత అలాగే ఉంచావు. నిన్న మీ మామయ్య భూతద్దంతో దులెంబా ముక్కు చూసి నవ్వుకుంటూ అద్దం కిందికి జరిపి, బొమ్మలోని పిల్లి దగ్గర ఆగిపోయారు. లేచి ఆపిల్ గదిలోకి వెళ్ళారు. పత్రిక పట్టుకుని అరలు చూశారు, బుట్ట చూశారు, గోడ మీద పగులు చూశారు. బయటికొచ్చేసరికి ఆయన మొహం తెల్లబోయింది.

“దొమిత్సెలా, ఆగస్టులో నేను లువూవ్ సభకి వెళ్ళినప్పుడు మనింటికెవరొచ్చారు?”

“ఎవరూ రాలేదండీ.”

“మరి ఆ దులెంబాగాడు నా ఇంట్లో, నా పిల్లిని పొట్ట మీద వేసుకుని ఎలా పడుకున్నాడు?”

నాకు అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, పళ్ళు నాలుగూడాయి. నా మీద అనుమానం! కాదని వెంటనే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ క్షణాన ఎంత బాగుందో నీకు చెప్పలేను. గదిలోకి వెళ్ళి గులాబీ రంగు రిబ్బను టోపీ పెట్టుకొచ్చాను. ఆయన టీ తాగకుండా లేచిపోయారు.

రెండు రోజులు ఇలాగే ఉంచి అప్పుడు చెబుదామనుకున్నాను. కానీ ఇవాళ ఆయన ప్రదర్శన కమిటీకి ఉత్తరం రాస్తున్నారు, ఆ బొమ్మ వెంటనే దింపెయ్యాలని. ఒనుఫ్రీ జెరెవిచ్ అడిగితే వాళ్ళు దింపుతారు. ఏం చెయ్యను?

అత్తయ్య


క్రాకువ్,
ఫిబ్రవరి 7

అత్తయ్యా, అత్తయ్యా,

నీ టోపీ సరదా నా ప్రాణం మీదికొచ్చింది. బొమ్మ నెలాఖరు దాకా గోడ మీద ఉంటేనే అది ప్రదర్శించినట్టు లెక్క. మధ్యలో దింపితే నా పేరు కొట్టేస్తారు. అమ్మ అప్పుడే నా పెట్టె గురించి అడుగుతోంది.

అయినా నిజం మాత్రం చెప్పకు! ఆ పడుకున్నది తనేనని తెలిస్తే సిగ్గుతో ఇంకా ముందు దింపిస్తారు. ఆ గదీ ఆ పిల్లీ నేను గుర్తున్నవి గుర్తున్నట్టు కలిపి వేసుకున్నానని, దులెంబా గారిని మాత్రం క్రినీత్సాలో చూశానని చెప్పు. అబద్ధమే. పాపం నాది, ఈస్టర్‌కి ఫాదరు దగ్గర చెప్పుకుంటాను. ఆ కమిటీ ఉత్తరం పోస్టుకి ఇచ్చే పని యగ్నాదే కదా? యగ్నాకి ఈమధ్య మతిమరుపు ఎక్కువైందని నా అనుమానం.

యూఫెమియా గారికి మూడు రోజులుగా నడుం లేవడం లేదు. గోడ పట్టుకుని నడుస్తున్నారు. చలి ఎక్కువగా ఉంది, కాస్త గడ్డి అయినా వేసుకోమన్నాను. “మీ మామయ్య వేసుకున్నారా?” అన్నారు. నాకు తలెత్తడానికి మొహం చెల్లలేదు.

సలూస్యా


గ్రాబోవ్కా,
ఫిబ్రవరి 9

సలూస్యా,

నీ ఉత్తరం ఓ పూట ఆలస్యంగా చేరింది. నిన్న రాత్రే నిజం చెప్పేశాను.

“అది మీరేనండీ” అన్నాను. నమ్మలేదు. “నా ముఖం నాకు తెలియదా? అది వెర్రిబాగులవాడి ముఖం!” అన్నారు. అద్దం తెచ్చి ఎదురుగా పెట్టాను. “కళ్ళు మూసుకుని చూసుకోండి” అన్నాను. నేనన్న మాటలో తప్పేమిటో అప్పుడు తట్టలేదు. ఆయన నిజంగా కళ్ళు మూసుకుని అద్దం ముందు నిలబడ్డారు. కాసేపుండి ఓ కన్ను కొంచెం తెరిచారు. మూశారు. రెండోది తెరిచారు. “ఏమీ కనబడటం లేదు! నన్ను ఆటపట్టిస్తున్నావు, వాణ్ణి కాపాడటానికి!” అని అరిచారు.

కమిటీ ఉత్తరం యగ్నా జేబులోనే ఉంది. ఆ పిల్లకి చెప్పనే అక్కర్లేకపోయింది. కానీ ఉత్తరానికి జవాబు రాలేదని ఆయనే బయల్దేరుతున్నారు. గురువారం బోహ్నియాలో రైలెక్కుతారట. పెళ్ళి నాటి నల్లకోటు దులిపించారు, వెండి నడికట్టు తుడిపించారు. దులెంబాని ఆ బొమ్మ ముందే నిలదీస్తారట.

నేను వస్తానంటే వద్దన్నారు. నా మోకాళ్ళకి ఆ మెట్లు పడవట. అంత కోపంలోనూ నా మోకాళ్ళు గుర్తున్నాయి చూడు. నాకు నవ్వూ వస్తోంది, ఏడుపూ వస్తోంది. ఆయన పరువు పోతే దానికి నేనే కారణం. ఆ పరుపు పరిచింది నేను కదా.

వీలైతే ఆ రోజు నువ్వు అక్కడ ఉండకు. వీలు కాకపోతే ఆయన పక్కనే ఉండు.

అత్తయ్య


క్రాకువ్,
ఫిబ్రవరి 15

అత్తయ్యా,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అక్షరాలు చూసి తిట్టకు.

మామయ్య పదకొండు గంటలకి వచ్చారు. తలుపు దగ్గరే జనం గుర్తుపట్టి దారిచ్చారు. కాలేజీ కుర్రాళ్ళు టోపీలు తీశారు. అదే వేళకి యూఫెమియా గారు వచ్చి ఉన్నారు, చేతికర్ర పట్టుకుని. జెరెవిచ్ గారు ఊళ్ళో దిగారని చర్చిలో ఎవరో చెప్పారట. నడుం లేవకపోయినా ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి చూడాలని వచ్చారు. నేను గోడకి అతుక్కుపోయాను.

దులెంబా గారు ఎప్పట్లాగే బొమ్మ పక్కన ఉన్నారు. మామయ్యని చూసి చేతులు చాచారు. “రావయ్యా ఒనుఫ్రీ! వచ్చి నా నిద్ర చూడు. నీకు లేని భాగ్యం!”

“ఎక్కడ పడుకున్నావో చెప్పు ముందు.”

“నాకేం గుర్తు? పరుపు ఎక్కడుంటే అక్కడ.”

“గుర్తు లేదూ? నే చెబుతాను! ఆ పిల్లి నాది. ఆ ఆపిల్ పళ్ళు నా తోటవి. ఆ పరుపు మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చిన పరుపు. పద్నాలుగేళ్ళుగా ప్రతి మధ్యాహ్నం నేను పడుకునే పరుపు! దాని మీద నీకేం పనిరా?”

అత్తయ్యా, ఆ గదిలో ఎంతమంది ఉన్నారో నేను చెప్పలేను. తనేమన్నారో మామయ్యకి మా అందరికంటే ఆలస్యంగా వినపడింది. గడ్డం కిందికి జారింది. నోరు తెరుచుకుంది. దులెంబా గారు బొమ్మకేసి చూశారు, మామయ్యకేసి చూశారు, మళ్ళీ బొమ్మకేసి చూశారు. ఆయన గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

“ఒనుఫ్రీ, ఒక్కసారి కళ్ళు మూసుకో.”

మామయ్య మూసుకోలేదు. బొమ్మ దగ్గరికి వెళ్ళారు. మేజోడు లేని ఆ కాలికేసి చూశారు, ఆ బొటనవేలి వంకర చూశారు. అప్పుడు తెలిసింది ఆయనకి. వెనక ఒక కుర్రాడు తీసిన టోపీ మళ్ళీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ బూట్ల చప్పుడు మెట్ల కిందిదాకా వినపడింది. మామయ్య కూడా విన్నారు.

అప్పుడు కర్ర టకటకమంది. యూఫెమియా గారు ముందుకొచ్చారు. నల్లముసుగు పైకెత్తి మామయ్యని ఎగాదిగా చూశారు.

“అయ్యా, మీ ప్రతిన చదివి నేను పద్నాలుగేళ్ళుగా బల్ల మీద పడుకుంటున్నాను. మా ఆయన పోయిన ఏడాది నుంచీ.”

మామయ్య కళ్ళు ఆవిడ చేతికర్ర మీదికి దిగాయి.

“అయితే మరి నేనూ పడుకోవచ్చా?” అని అడిగారావిడ. కోపం లేదు అత్తయ్యా. గుమాస్తాని అడిగినట్టు అడిగారు, రైలు వెళ్ళిపోయిందా అని. అది వినలేక నేను మొహం తిప్పుకున్నాను.

మామయ్య టోపీ తీసి, వంగి ఆవిడ చెయ్యి ముద్దుపెట్టుకున్నారు. పైకి లేవడానికి చాలాసేపు పట్టింది. “పడుకోండమ్మా. నేను ఎప్పుడో చెప్పాల్సింది. నాకు మొదటి ఏడాదే నడుం పోయింది” అన్నారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

కమిటీ పెద్ద పరిగెత్తుకొచ్చి, “జెరెవిచ్ గారూ, బొమ్మ ఇప్పుడే దింపించేస్తాను” అన్నాడు. మామయ్య మళ్ళీ ఆ బొమ్మకేసి తిరిగారు. అంతసేపు ఆయన దేన్నీ చూడగా నేను చూడలేదు. “పడుకున్నవాణ్ణి ఎందుకయ్యా లేపడం? ఉండనీ” అన్నారు.

దులెంబా గారు నా దగ్గరకొచ్చి, పసిపిల్లాడి చేతిలోంచి మిఠాయి లాక్కున్నట్టు మొహం పెట్టి, “అయితే నేను కాదా? మరి నన్నెప్పుడు వేస్తావు?” అన్నారు. ముందుగా నిద్ర అలవాటు చేసుకుంటానని, చెప్పిన రోజున వచ్చి పడుకుంటానని మాటిచ్చారు.

సలూస్యా


గ్రాబోవ్కా,
ఫిబ్రవరి 24

బంగారు సలూస్యా,

మీ మామయ్య ఇంటికొచ్చి నా ఎదురుగా కూచున్నారు. టోపీ తీసి, “ఆపిల్ పళ్ళకి చలి అన్నావు” అన్నారు. “అవునండీ” అన్నాను. “చలేనే” అన్నారు. అంతే మాట్లాడుకున్నాం. ఆ ఒక్క మాట మా మధ్యకి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

నీకు అంతా బాగుందని రాయను. లువూవ్ నుంచి ఒక విద్యార్థి ప్రతిన ఉన్న పుస్తకం తిప్పి పంపించాడు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. బల్ల చూడ్డానికి ఇప్పుడెవరూ రావడం లేదు, టీ పొడి మిగులుతోంది. అయితే ఊళ్ళో ఆడవాళ్ళు నిన్న ఆయన్ని చూసి మొదటిసారి హాయిగా నవ్వారు. ఆయన కూడా ఈకల మధ్య కూచుని ఓ బాతుని పీకారు. చాలా అధ్వానంగా పీకారు.

ఇంకో విడ్డూరం విను. పరుపు ఇప్పుడు పడగ్గదిలోకి తెచ్చి వేశాను, దాచాల్సిన పనేముంది? ఆయనకి దాని మీద నిద్ర పట్టడం లేదు! రాత్రంతా దొర్లి, లేచి, వెళ్ళి ఆ బల్ల మీద పడుకుని గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. ఇలాంటి మగవాణ్ణి ఏం చేసుకోవాలి?

దీంతో పాటు ఓ దిండు వస్తుంది. ఈ చలికాలం పీకిన ఈకల్లో మెత్తనివన్నీ ఏరి నింపాను. నీకు కాదు. మీ ఇంటావిడకి. నీది ఈస్టర్‌కి.

ఆయనేదో రాస్తారట, కలం ఇస్తున్నాను.

*సలోమెయా, నోరు కొంచెం మూసినట్టు వేసి ఉండాల్సింది. మిగతాదంతా నేనే. నీ మామయ్య.*


క్రాకువ్,
మార్చి 1

అత్తయ్యా,

బొమ్మ నిన్నటితో నెలాఖరు గడువు పూర్తిచేసుకుని నా పేరుతో సహా గోడ దిగింది. అమ్మ ఉత్తరం వచ్చింది. పత్రికలో చూసిన రోజే అది అన్నయ్య అని పోల్చుకుందట. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళం, ఆ నోరు నాకు తెలియదా అని రాసింది. ఇన్నాళ్ళూ కిక్కురుమనలేదు చూడు! చివర, ‘నీ పెట్టె అక్కడే ఉంచుకో’ అని ఒక్క ముక్క. చదివి నేను గది మధ్యలో గెంతాను.

దిండు చేరింది. యూఫెమియా గారు దాని మీద శిలువ గుర్తు వేసి, కుర్చీలో కూచోబెట్టి, ఎవరో చుట్టం వచ్చినట్టు దాని ఎదురుగా కూచుని భోజనం చేశారు. తన బల్ల మీదికి మాత్రం తేలేదు. “అలవాటు పోయిందమ్మా” అన్నారు. నాకు మాత్రం గడ్డి వేయించారు.

నిన్న లావు గురువారం కదా, ఈస్టర్ ఉపవాసాల ముందు కడుపారా తినే రోజు. మధ్యాహ్నం నేను గులాబీ జామ్ పెట్టి వేయించిన తీపి బన్నులు, పోంచ్కీలు తెచ్చాను. ఇద్దరం వేళ్ళు నాక్కుంటూ తిన్నాం. “ఓసారి తల ఆనించి చూస్తాను, ఎలా ఉంటుందో మర్చిపోయాను” అన్నారావిడ. నేను గిన్నెలు కడిగి వచ్చేసరికి బల్ల మీద దిండు వేసుకుని, నల్లబట్టల్లోనే, ఇనప శిలువతోనే, పెదవుల మీద పంచదార పొడితో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. గురక కూడా. సన్నగా, చిన్నపిల్ల ఈల వేసినట్టు.

చప్పుడు కాకుండా బొగ్గుముక్క అందుకున్నాను. ఈసారి అడిగే వేస్తాను అత్తయ్యా, ఒట్టు. ముందు వేస్తాను, లేచాక అడుగుతాను.

సాయంత్రం చర్చి గంట మోగింది, లేవలేదు. పాలవాడొచ్చాడు, వేలు పెదవి మీద పెట్టి వెళ్ళిపొమ్మన్నాను. తెల్లారింది. ఇవాళ మధ్యాహ్నమూ అయింది. ఆవిడ పక్కకి తిరిగి, దిండు కావలించుకుని మళ్ళీ పడుకున్నారు. ఈ ఉత్తరం గుమ్మంలో కూచుని రాస్తున్నాను, ఎవరూ వచ్చి తలుపు తట్టకుండా. పద్నాలుగేళ్ళ నిద్ర మరి.

నీ సలోమెయా